తొమ్మిది రోజుల బేరం

బేరమాడటం నేను బడి లేని ఏడాది నేర్చుకున్నాను. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి వికారాబాద్‌లో మా బడికి నెలల తరబడి తాళం పడింది. నాకప్పుడు పదేళ్లు. ఇంట్లో ఉంటే తమ్ముళ్లతో కొట్లాట తప్ప వేరే పని లేదని మా అమ్మ వారం వారం నన్ను అంగడికి వెంట తీసుకుపోయేది. అనంతగిరి వైపు పల్లెల ఆడవాళ్లు గంపల్లో సీతాఫలాలు, చిక్కుడుకాయలు పెట్టుకుని కూర్చునేవాళ్లు. అమ్మ ధర అడిగేది, పెదవి విరిచేది, లేచి నాలుగడుగులు వేసేది. వెనక నుంచి పిలుపు వచ్చేదాకా తల తిప్పకూడదన్నది ఆమె నేర్పిన మొదటి సంగతి. రెండోది, ధర కుదిరాక కొసరు అడగడం. పిడికెడు పచ్చిమిరపకాయలో, రెండు పండ్లో పైన వేయించుకోకుండా లేస్తే మనం ఓడిపోయినట్టేనట. "కొసరు అడగనోళ్లను జూస్తే అమ్మేటోళ్లకు గూడ లోకువనే" అనేది.

బడి తెరిచేసరికి నేను అమ్మను మించిపోయాను. అంగట్లో నన్ను చూడగానే కొందరు గంపల మీద బట్ట కప్పుకునేవాళ్లని ఇంట్లో ఎగతాళి చేసేవాళ్లు. నాకది పొగడ్తలాగే వినిపించేది.

పెళ్లయి తాండూరు వచ్చాను. మా ఆయన బండలు పరిచే మేస్త్రి. పొద్దున గోనెసంచిలో తాపీ, మట్టగోల, దారం ఉండ వేసుకుని వెళితే సాయంత్రం మోకాళ్లకు సిమెంటు అంటించుకుని వచ్చేవాడు. ఆయన పరిచిన నేల మీద నీళ్లు పోస్తే ఎక్కడా నిలవకుండా నేరుగా తూముకు పోయేవి. చేతిలో అంత పనితనం ఉన్న మనిషికి నోట్లో మాత్రం ఒక్క మాట ఉండేది కాదు. అడిగినంతా ఇచ్చి వచ్చేవాడు. అర్ధ రూపాయి వస్తువుకు ముప్పావలా పెట్టి, పైగా "పాపం, ముసలామె" అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. "నువ్వు బజారుకు పోవుడు వద్దు, నేను పోత" అని సంచి లాక్కునేదాన్ని. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఇంకా మండేది.

ఊరందరి ఇళ్లకూ బండలు పరిచిన మనిషి ఇంట్లో పేడతో అలికిన మట్టి నేలే ఉండేది. రెండు అర్రల ఇల్లు మాది. ఊరి బయట పాలిష్ మిషన్ల షెడ్లలో అంచు విరిగి పక్కన పడేసిన బండలను ఆయన ఒకటొకటిగా తెచ్చి గోడకు ఆనించి పెట్టేవాడు. పరిచే తీరిక మాత్రం దొరకలేదు.

ఎనభైల మొదట్లో ఒక కాంట్రాక్టరు తాండూరు నుంచి పది మంది మేస్త్రీలను మస్కట్ తీసుకుపోయాడు. అందులో మా ఆయన ఒకడు. మా బిడ్డకు అప్పుడు రెండేళ్లు. రెండేళ్ల తర్వాత అరవై రోజుల సెలవు దొరికింది. వచ్చే టికెట్ కాంట్రాక్టరు ఇచ్చాడు, తిరిగి పోయే టికెట్ మనమే కొనుక్కోవాలని షరతు. ఆయన వచ్చిన రోజున బిడ్డ నా కొంగు వెనక దాక్కుంది. వారం రోజులు ఆయన దగ్గరకు పోలేదు. పోవడం మొదలుపెట్టాక ఇక ఆయన్ని వదల్లేదు.

చుట్టాలు, పెళ్లిళ్లు, ఆయన చెల్లెలి కాన్పు, వీటితోనే నెల దాటిపోయింది. అప్పుడు నడుం బిగించి బండలు పరచడం మొదలుపెట్టాడు. ముందు అర్ర అయిపోయింది. లోపలి అర్రలో సగం దాకా వచ్చాడు. బిడ్డ పక్కన కూర్చుని తడి సిమెంటు చేతులతో తీసి ఆయన వీపుకు పూసేది. నేను అరిచేదాన్ని. ఇద్దరూ నా వైపు చూసి ఒకేలా నవ్వేవాళ్లు.

ఇంకా ఇరవై రెండు రోజులుండగా టికెట్ కొనడానికి బయలుదేరాం.

తాండూరులో స్టేషన్ రోడ్డు మీద ఒక చాచా దుకాణం ఉండేది. మొదట గడియారాలు బాగుచేసేవాడు. మస్కట్‌కు, దుబాయ్‌కి పోయేవాళ్లు ఎక్కువయ్యాక బొంబాయి వ్యాపారులతో మాట్లాడుకుని విమానం టికెట్లు ఇప్పించడం మొదలుపెట్టాడు. దుకాణంలో ఒక పక్క గడియారాలు టిక్కుటిక్కుమంటుంటే ఇంకో పక్క ఫోను, గోడకు విమానం బొమ్మ. బయట తెలుగులోనూ, ఉర్దూలోనూ రాయించిన బోర్డు: "మాకంటే తక్కువ ధర ఎక్కడైనా దొరికితే రాయించుకు రండి. అదే ధరకు మేమిస్తాం." ఆ బోర్డు చదవగానే నా నాలుక దురద పెట్టింది.

చాచా మేమడిగిన తేదీకి ధర చెప్పాడు. సెలవు అయిపోవడానికి ముందు రోజుది అది. మా ఆయన అలవాటుగా జేబులో చెయ్యి పెట్టాడు. నేను మోచేత్తో పొడిచాను.

"జర సోంచాయించి జెప్తం చాచా" అని లేచాను. నాలుగడుగులు వేశాను. వెనక నుంచి పిలుపు రాలేదు. విమానాల బేరంలో పిలవరు కాబోలు అనుకుని ఇంటికొచ్చాను.

మర్నాడు ప్యాసింజరు బండిలో వికారాబాద్ పోయాను, పుట్టింటికి పోతున్నానని చెప్పి. అక్కడ ఒక ఫొటో స్టూడియో ఆయన పాస్‌పోర్టు ఫొటోలు తీస్తూ టికెట్లు కూడా ఇప్పిస్తాడని విన్నాను. వెళ్లి మస్కట్ ధర అడిగాను. చాచా చెప్పినదానికంటే నాలుగు వందలు తక్కువ చెప్పాడు. "గదే కాయితం మీద రాసియ్యన్నా" అన్నాను. రాసిచ్చాడు. ఆ కాగితాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుని, మా అమ్మ వండి పెడతానన్నా ఆగకుండా తిరుగు బండి ఎక్కాను. దారి పొడవునా నాలో నేనే నవ్వుకున్నాను. ఎదురుగా కూర్చున్న ముసలాయన నన్నదో రకంగా చూశాడు కూడా.

ఆ సాయంత్రమే మా ఆయన్ని వెంటబెట్టుకుని చాచా దుకాణానికి పోయాను. కాగితం విప్పి బల్ల మీద పెట్టాను.

చాచా కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. "ఏ తారీఖుది బేటీ ఇది?" అన్నాడు.

"తారీఖేమున్నది చాచా? విమానం ఎప్పుడు పోయినా విమానమే గద. బోర్డు మీద నువ్వు గట్లేం రాయలే."

నేనెంత తెలివితక్కువగా మాట్లాడానో నాకప్పుడు తెలియదు. నాకు తెలిసిన సరుకు కందిపప్పు. తాండూరు కందిపప్పు సోమవారం కొన్నా బుధవారం కొన్నా అదే పప్పు. రోజును బట్టి ధర మారే సరుకు ఒకటుంటుందని, అక్కడ అమ్మేది సీటును కాదు రోజును అని నా బుర్రకు తట్టలేదు.

చాచా వాదించలేదు. "జబాన్ ఇచ్చిన, నిలబడ్త" అని బొంబాయికి ట్రంకాల్ బుక్ చేశాడు. గంట సేపు కూర్చున్నాం. ఫోను కలిశాక అటు వాళ్లతో ఉర్దూలో చాలాసేపు మాట్లాడి పెట్టేశాడు.

"సూడు బేటీ, సాఫ్ సాఫ్ చెప్త. బొంబాయోళ్లు కొన్ని దినాలకు సీట్లు ముందుగాల్లనే మొత్తం కొనిపెట్టుకుంటరు. మిగిలితే అగ్గువకు ఇడుస్తరు. నీ ధరకు సీటు దొరికింది. గని నువ్వడిగిన తారీఖుకు కాదు. తొమ్మిది దినాలు ముందుగాల్ల. నిన్న చెప్పిన తారీఖే కావాల్నంటే నిన్న చెప్పిన ధరనే. ఒక్కసారి టికెట్ కోసినంక మారదు, వాపస్ లేదు. సోంచాయించుకో."

మా ఆయన నెమ్మదిగా అన్నాడు. "లోపలి అర్ర ఇంక సగమున్నది గదా."

"మల్ల వచ్చినప్పుడు వెయ్యి. బండలు యాడికి పోతయి? తొమ్మిది దినాలు ముందు పోతే తొమ్మిది దినాల జీతం గూడ వస్తది. గిటు నాలుగు వందలు మిగిలె, గటు జీతం వచ్చె."

నేనన్నవి సరిగ్గా ఈ మాటలే. ఇన్నేళ్లలో వీటిని మార్చి చెప్పుకుందామని చాలాసార్లు చూశాను. కొంచెం మెత్తగా అన్నానేమో, ఆయన కూడా సరేనన్నాడేమో అని. లేదు. ఆయన మాత్రం బిడ్డకు తెచ్చిన బిస్కెట్ల పొట్లం చేతిలో అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. నేను చాచా వైపు తిరిగి, "ధర కుదిరింది, మరి కొసరేది?" అన్నాను.

చాచా పడీ పడీ నవ్వాడు. "విమానంల కొసరా! నలభై ఏండ్ల సంది దుకాణం నడిపిస్తున్న బేటీ, నీ అసొంటిదాన్ని జూడలే." అయినా నన్ను ఒట్టి చేతులతో పంపలేదు. అదే విమానంలో సామాను లేకుండా పోయే మనిషి ఒకడున్నాడని, అతని లెక్కలో మా ఆయన పది కిలోలు ఎక్కువ తీసుకుపోయేలా మాట్లాడతానని ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రం నా కాళ్లు నేల మీద లేవు. ఇంటికి పోయేలోపు దారిలో కనిపించిన ప్రతి ఆడమనిషికీ చెప్పాను. విమానం టికెట్‌కు కొసరు తెచ్చిన దాన్నని మా అత్త కూడా నలుగురిలో గొప్పగా చెప్పుకుంది. భోజనాల దగ్గర మళ్లీ మొదటి నుంచి చెప్పాను, చాచా ఎలా నవ్వాడో నవ్వి చూపించాను. మా ఆయన నన్నే చూస్తూ, "గట్టిదానివే" అన్నాడు.

మిగిలిన ఇరవై రోజులు పదకొండయ్యాయి. అందులో సగం ఆ పది కిలోలకే పోయింది. కందిపప్పు ఏరాను, కారం దంచాను, సకినాలు చుట్టాను, జొన్న రొట్టెలు ఎండబెట్టాను. ఆయన గదిలో ఉండే వాళ్లందరికీ సరిపోయేలా కట్టాను. పది కిలోలకు ఒక్క గింజ తగ్గకూడదని పక్క కిరాణా కొట్టు తూకంలో రెండు సార్లు తూచాను. ఆయన మధ్య మధ్య వచ్చి, "జరసేపు కూసో" అనేవాడు. "పని ఉన్నది" అనేదాన్ని. లోపలి అర్రలో ఇంకో రెండు వరుసలు పరిచాడు. మిగిలింది మట్టి నేలగానే ఉండిపోయింది.

బొంబాయి బండి ఎక్కేటప్పుడు బిడ్డ ఆయన మెడ పట్టుకుని వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. ఆ పని నేనే చేశాను. బండి కదిలాక కూడా నేను ఏడవలేదు. పై బెర్తు మీద పెట్టిన సంచి జారుతుందేమోనని దానివైపే చూస్తూ నిలబడ్డాను.

ఐదు నెలలకు టెలిగ్రాం వచ్చింది. మధ్యాహ్నం ఎండలో పని చేస్తూ చేస్తూ పక్కకు ఒరిగిపోయాడట. గుండె ఆగిపోయిందన్నారు. ముప్పై నాలుగేళ్ల మనిషికి గుండె ఎందుకు ఆగుతుందో ఎవరూ చెప్పలేదు. ఇరవై రోజుల తర్వాత బొంబాయికి పెట్టె వచ్చింది. మా మరిది వెళ్లి తెచ్చాడు. విమానంలో మనిషిని అలా పంపేటప్పుడు సామానులాగే తూకం వేసి, కిలోల లెక్కన కాగితాలు రాస్తారట. ఆ కాగితం మా మరిది నాకు చూపించకుండా దాచాడు. చాలా రోజుల తర్వాత బీరువాలో దొరికింది. అంకె చూశాను, మళ్లీ అక్కడే పెట్టేశాను.

అందరూ రాతను తిట్టారు, కాంట్రాక్టరును తిట్టారు, ఆ దేశపు ఎండను తిట్టారు. నాకు మాత్రం తొమ్మిది రోజులు గుర్తొచ్చేవి. ఆయన చావు నా వల్ల రాలేదని నాకు తెలుసు. మరో తొమ్మిది రోజులు ఇక్కడ ఉన్నా వెళ్లేవాడే, అక్కడ అలాగే పోయేవాడేమో. కానీ ఆ తొమ్మిది రోజులు మావి. తొమ్మిది పొద్దులు లేచి ముఖం కడుక్కుని, చాయ్ అడిగి, బిడ్డను ఎత్తుకుని ఈ ఇంట్లో తిరిగేవాడు. ఎవరూ లాక్కోలేదు వాటిని. నేనే బల్ల మీద కాగితం పెట్టి అమ్మేసి వచ్చాను, పైగా నవ్వుతూ.

తర్వాత పరీక్షలు రాసి బడిలో పంతులమ్మనయ్యాను. జీతం వచ్చేది. అంగడికి పోతే అడిగినంత ఇచ్చి వచ్చేదాన్ని. నన్ను ఎరిగిన ఆడవాళ్లకు అదొక వింత. ఒకామె, "ఏందమ్మా, పాణం మంచిగ లేదా?" అని అడిగింది. ఆమే ఇన్ని చిక్కుడుకాయలు కొసరు వేయబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. లోపలి అర్రను పూర్తి చేయిస్తానని మరిది ఎన్నోసార్లు అన్నాడు. నేను చేయనివ్వలేదు. బండలు ఆగిపోయి మట్టి మొదలయ్యే అంచు తగిలి ఒకరోజు బిడ్డ పడి గడ్డం చీరుకుంది. అప్పుడు ఒప్పుకున్నాను. మరిది తెచ్చిన మేస్త్రి రెండు రోజుల్లో పరిచేశాడు. నిజానికి అది రెండు రోజుల పనే.

చాచా దుకాణం ముందు నుంచి నేను మళ్లీ నడవలేదు. బడికి అదే దగ్గర దారి, అయినా పాలిష్ మిషన్ల వెనక నుంచి దుమ్ములో చుట్టూ తిరిగి పోయేదాన్ని. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన అన్నీ విడమరిచి చెప్పాడు. ఆయన ముఖం చూస్తే ఆ రోజు నేను కొసరు అడిగిన గొంతు నాకు వినిపిస్తుందని సిగ్గు.

ఎనభైలు ముగిసే కాలంలో, ఒక ఆదివారం పొద్దున చాచాయే మా గడప దగ్గరకు వచ్చాడు. చాలా ముసలివాడైపోయాడు. ఆ ఏడు హజ్‌కు పోతున్నాడట. హజ్‌కు పోయే ముందు వాళ్లు ఎరిగినవాళ్లందరి ఇళ్లకూ పోయి, అన్నమాటా విన్నమాటా ఏమైనా ఉంటే మన్నించమని అడిగి పోతారు. అలా ఇంటింటికీ తిరుగుతూ మా ఇంటికీ వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"మాఫ్ జెయ్యి బేటీ" అన్నాడు.

"నువ్వు నాకేం జేసినవ్ చాచా? అంతా సాఫ్‌గనే జెప్పినవ్ గద."

"ఒక్కటి జెప్పలే." ఆయన తలుపు చెక్క పట్టుకున్నాడు. "మీరు బేరం జేసి పోయిన మర్నాడు పొద్దుగాల నీ ఇంటాయన వచ్చిండు. నేను షట్టర్ తెరవకముందే వచ్చి మెట్ల మీద కూసున్నడు. టికెట్ ఇంక కొయ్యలేదు గదా, పాత తారీఖే ఇయ్యి చాచా అన్నడు. పైన కట్టే నాలుగు వందలు గూడ చేతిలనే పట్టుకొచ్చిండు. సరే బేటా, ఇప్పుడే బొంబాయికి చెప్త అని నేను ఫోను ఎత్తిన."

 లోపల బిడ్డ ఎక్కాలు చదువుకుంటోంది.

"లైను కలిసింది. గంతల నా చెయ్యి పట్టుకున్నడు. 'వద్దులే చాచా, పెట్టెయ్. రాత్రి నిద్రల గూడ నవ్వుకుంటున్నది. నేను తారీఖు మార్చిన్నని తెలిస్తే ఆమె మొకం చిన్నగైతది' అన్నడు. చాయ్ తెప్పిస్తే తాగిండు, పోయిండు. ఆమెకు జెప్పకు అన్నడు. ఆయన పాణం పోయినంక నీకు జెప్పాల్నా వద్దా అని ఇన్నేండ్లు పరేషానైన. దిల్ల ఇది పెట్టుకుని అల్లా ఇంటికి ఎట్ల పోవాలె?"

"మాఫ్ జేసిన చాచా" అన్నాను. ఆ మాట నా నోట్లో నుంచి ఎలా వచ్చిందో తెలియదు. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, పక్కింటి వైపు నడిచాడు.

నేను గడప మీదే కూర్చున్నాను. బేరం చేసొచ్చిన మర్నాటి పొద్దు నాకు గుర్తొచ్చింది. అన్నేళ్లలో ఒక్కసారి కూడా గుర్తురానిది, పూర్తిగా గుర్తొచ్చింది. నేను లేచేసరికి ఆయన ఇంట్లో లేడు. కలిపి పెట్టిన సిమెంటు గట్టిపడిపోతోంది. ఎండ ఎక్కాక వచ్చాడు. యాడికి పోయినవని అడిగాను. ఊకెనే, బజారుకు అన్నాడు. ఉన్నవే పదకొండు దినాలు, గవి గూడ బజార్లనే పారబోస్తవా అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. ఆయన నవ్వి, అంగీ విప్పి గోడకు తగిలించి, తాపీ అందుకుని కింద కూర్చున్నాడు.